విలన్‌కు చోటు ఇవ్వండి, అతని ఓటమిని కూడా కట్టండి

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో కుటుంబాల కోసం ఒక వినోద పార్కు కట్టదలిచామనీ, అందులో ఒక భాగాన్ని పూర్తిగా ప్రతినాయకులకు, అంటే మాంత్రికులకూ రాక్షసులకూ కేటాయించాలా వద్దా అన్నది తేలడం లేదనీ మీరు రాశారు. మీ భాగస్వాముల్లో ఒకరు చిన్నపిల్లలు జడుసుకుంటారంటున్నారు, మరొకరు చెడుకు పట్టం కట్టినట్టవుతుందంటున్నారు, ఇంకొకరు అసలు జనం వచ్చేదే దాని కోసమంటున్నారు. ఎగ్జిబిషన్లకూ, పండుగ మండపాలకూ, పార్కులకూ సెట్టింగులు కట్టే పనిలోనే నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది కనుక, నా అభిప్రాయాన్ని కారణాలతో సహా చెబుతాను.

కేటాయించవచ్చు అన్నదే నా సమాధానం. ఇంకా చెప్పాలంటే, ప్రతినాయకుడు లేని పార్కు ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు రెండో గంటకే చప్పబడిపోతుంది. అయితే అభ్యంతరం చెబుతున్న ఇద్దరి మాటల్లోనూ కొట్టిపారేయలేని నిజం ఒకటి ఉంది. కథలో రాక్షసుడు ఎంత భయంకరుడైనా చివరికి చస్తాడు, పిల్లవాడు ఊపిరి పీల్చుకుని నిద్రపోతాడు. అదే రాక్షసుడికి రెండెకరాల స్థలమిచ్చి, కోట కట్టి, ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది వరకు సింహాసనం మీద కూర్చోబెడితే అతను ఎప్పటికీ ఓడిపోడు. పదిన్నరకు వచ్చిన కుటుంబానికీ అతనే రాజు, ఏడున్నరకు వచ్చిన కుటుంబానికీ అతనే రాజు. కథకు ముగింపు సహజంగా వస్తుంది; స్థలానికి మాత్రం కట్టేవాళ్లే ముగింపును కూడా కట్టాలి. ప్రతినాయకుల విభాగాలు ఎక్కడ కుదిరాయో, ఎక్కడ కుదరలేదో చూస్తూ వస్తే నాకు ప్రతిసారీ కనిపించే తేడా ఇదే.

కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ సంగతి తీసుకోండి. 1955 జూలైలో ఆ పార్కు తెరిచిన నాటి నుంచే అక్కడ స్నోవైట్ కథతో ఒక చీకటి రైడ్, అంటే చీకటి గదుల గుండా బండిలో సాగే యాత్ర ఉంది. బండిలో కూర్చున్న ప్రేక్షకుడే స్నోవైట్ అన్నది దాన్ని రూపొందించిన వారి ఆలోచన కాబట్టి లోపల స్నోవైట్ బొమ్మను పెట్టలేదు. ఆ ఆలోచన జనానికి అందలేదు. వారికి కనిపించినదల్లా మలుపు మలుపుకీ ఎదురయ్యే మంత్రగత్తె మాత్రమే. చివర్లో ఆమె బండరాయిని మన మీదికి తోయబోతుండగా బండి బయటికి వచ్చేసేది. అంటే పిల్లవాడు మంత్రగత్తె గెలవబోతున్న క్షణంలో వెలుతురులోకి వచ్చేవాడు. 1983లో ఆ రైడ్‌ను తిరిగి కట్టినప్పుడు స్నోవైట్ బొమ్మను చేర్చారు, ఇది భయపెట్టే రైడ్ అని పేరులోనే తెలిసేలా చేశారు. 2021లో మళ్లీ మార్చి, ఆ భయం మాటను పేరులోంచి తీసివేసి, కథను సంతోషంతో ముగించారు. మంత్రగత్తె మాత్రం ఇప్పటికీ ఉంది. ఇన్నేళ్లలో వాళ్లు చేసిన పనల్లా ఆమెకు ఎదురుగా మరొకరిని నిలబెట్టడం, చివర్లో ఆమె చేతుల్లోంచి కథను లాక్కోవడం.

ఇదే సమస్యకు టోక్యో డిస్నీలాండ్‌లో దొరికిన పరిష్కారం నాకు మరీ ఇష్టం. 1986 నుంచి 2006 వరకు అక్కడి సిండ్రెల్లా కోట లోపల ఒక నడక యాత్ర ఉండేది. పైన చూస్తే తెల్లటి అందమైన కోట; లోపల నడవాల్లో మాత్రం డిస్నీ కథల దుష్టశక్తులన్నీ కాచుకుని ఉంటాయి. గైడ్ వెంట ఒక్కో గదీ దాటుకుంటూ వెళ్లిన గుంపు, ఆఖరి గదిలో తలపై కొమ్ములున్న రాక్షసరాజు ఎదుట నిలుస్తుంది. అప్పుడు గైడ్ ఆ గుంపులోంచే ఒకరిని ముందుకు పిలిచి చేతికి కత్తి ఇస్తుంది. ఆ కత్తి నుంచి వెలుగు వెలువడి రాక్షసరాజు నాశనమవుతాడు. ఆ వీరుడి మెడలో పతకం వేసి పంపిస్తారు. రోజుకు ఎన్ని గుంపులు వస్తే అన్నిసార్లు రాక్షసుడు ఓడిపోయేవాడు, అదీ టికెట్టు కొనుక్కుని వచ్చిన మామూలు మనిషి చేతిలో. మీ వాస్తుశిల్పితో కూర్చున్నప్పుడు మొట్టమొదట మాట్లాడవలసింది ఈ ఆఖరి గది గురించే. కోట ముఖద్వారం ఎలా ఉండాలన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

మన దగ్గర ఇది కొత్త సంగతి కూడా కాదు. సింహాచలం మెట్ల దారిలో నడిచే పిల్లలకు పెద్దవాళ్లు చెప్పే స్థలపురాణం సంగతే చూడండి. కన్నతండ్రే కొడుకును సముద్రంలో తోయించి, మీద కొండను పెట్టించడం కన్నా దారుణమేముంటుంది? అయినా నాలుగేళ్ల పిల్లవాడికి కూడా ఆ కథ చెబుతాం, ఎందుకంటే కథ కొండ కింద ఆగిపోదు, స్వామి వచ్చి కొండను ఒరగదీసి పిల్లవాణ్ణి కాపాడతాడు. తోలుబొమ్మలాట వాళ్లకు కూడా ఈ కొలత బాగా తెలుసు. రావణుడి బొమ్మను తెర నిండా నిలబెట్టి, పది తలలతో గర్జింపజేసి, జనం బిగుసుకుపోయిన సమయానికి కేతిగాడినీ బంగారక్కనూ లోపలికి తోస్తారు. ఆ నవ్వుతో భయం కొంత దిగుతుంది, ఆ తర్వాత మళ్లీ రావణుడు వస్తాడు. మీ విభాగంలో ప్రతి భయం తర్వాతా ఒక కేతిగాడు ఉండాలి. తన యజమానిని చూసి తానే వణికిపోయే సేవకుడో, మంత్రం మధ్యలో మరిచిపోయే శిష్యుడో ఎవరైనా సరే.

పిల్లలు జడుసుకుంటారన్న మాటకు వస్తే, ఏ వయసు పిల్లలు, దేన్ని చూసి అన్నది ముందు విడదీసుకోవాలి. సింథియా హాఫ్నర్, జోఆన్ కాంటర్ అనే అమెరికా పరిశోధకులు 1985లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఈ విషయంలో చాలా ఉపయోగపడుతుంది. ఒక వృద్ధురాలి పాత్రను కొందరు పిల్లలకు సౌమ్యమైన ముఖంతో, కొందరికి వికృతమైన ముఖంతో చూపించారు. అలాగే కొన్నిటిలో దయగా, కొన్నిటిలో క్రూరంగా ప్రవర్తింపజేశారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు ఆమె మంచిదా చెడ్డదా అన్నది ఎక్కువగా ముఖాన్ని బట్టే తేల్చారు. వయసు పెరిగిన కొద్దీ రూపం పట్టు సడలి, ప్రవర్తన లెక్కలోకి వచ్చింది. దీని అర్థమేమిటంటే, చిన్నవాడికి 'ఈ రాక్షసుడు మంచివాడమ్మా' అని ఎంత నచ్చజెప్పినా లాభం లేదు. వాడికి ఘటోత్కచుడైనా హిరణ్యకశిపుడైనా కోరలు కోరలే. పెద్దపిల్లల విషయంలో మాత్రం మాట, నడక, పన్నాగం పనిచేస్తాయి. అందంగా నవ్వుతూ మోసం చేసే మాంత్రికుడే వారికి అసలైన విలన్.

పనిలో దీన్ని ఇలా వాడుకోవచ్చు. బయటి దారి నుంచి చూసే అందరికీ కనపడే బొమ్మల ముఖాలకు వెలుతురు ఎదురుగా, కొంచెం పైనుంచి పడాలి. అదే ముఖానికి కింద నుంచి ఫోకస్ లైటు వేస్తే కనుబొమల నీడ నుదుటి మీదికి పాకి, ఎంత సౌమ్యమైన బొమ్మైనా భూతంలా కనపడుతుంది. ఆ వెలుగును లోపలి గదులకు దాచుకోండి. ఉన్నట్టుండి కదిలే బొమ్మ, ఉన్నట్టుండి పేలే శబ్దం, ఈ రెండూ చిన్నపిల్లలు తిరిగే బయటి దారిలో ఉండకూడదు.

ఒక వినాయక చవితికి గాజువాక వైపు ఒక మండపంలో ప్రహ్లాదుడి సెట్టింగు కట్టాం. థర్మకోల్ స్తంభం రెండు భాగాలుగా పట్టాల మీద విడిపోతుంది, పక్కన గద ఎత్తిన హిరణ్యకశిపుడి ఫైబర్ బొమ్మ నిలువెత్తుకు రెట్టింపు ఉంటుంది, వెనక రికార్డు చేసిన గొంతు గద్దిస్తుంది. ప్రహ్లాదుడి బొమ్మను మాత్రం వేదిక మీద కాకుండా, తాడుకు ఇవతల, పిల్లలు నిలబడే నేల మీదే, వాళ్ల ఎత్తులోనే పెట్టాం. గొంతు వినపడగానే చంటిపిల్లలు అమ్మ భుజంలో ముఖం దాచుకుని, కొంగు అంచు పక్క నుంచి ఒక కంటితో చూసేవారు. ఐదేళ్లుంటాయేమో, ఒక పిల్లవాడు తండ్రి చెయ్యి వదిలించుకుని వచ్చి ఆ బొమ్మ పక్కన నిలబడి, దానిలాగే చేతులు జోడించి, పైకి హిరణ్యకశిపుడి వంక చూస్తూ స్తంభం విడిపోయేదాకా కదల్లేదు. వాడికి భయం లేదని కాదు, పెదవులు వణుకుతూనే ఉన్నాయి. కానీ ఎవరి పక్కన నిలబడాలో వాడికి దొరికింది. ప్రతినాయకుడు ఉన్న ప్రతి చోటా పిల్లవాడు వెళ్లి పక్కన నిలబడడానికి ఒక ప్రహ్లాదుడు, వాడి ఎత్తులోనే ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

దీని తర్వాత చెప్పవలసింది గడప గురించి. భయం ఎంచుకున్నదైతే సరదా, మీద పడ్డదైతే బాధ. పారిస్ డిస్నీలాండ్‌లో 1992 నుంచీ నిద్రపోయిన రాకుమారి కోట కింద ఒక గుహ ఉంది, అందులో పెద్ద డ్రాగన్ గొలుసులతో పడుకుని ఉంటుంది. కోట పైన తిరిగే చిన్నపిల్లలు దాని ముఖమైనా చూడకుండా రోజంతా గడపవచ్చు. దిగి చూడాలనుకున్నవాళ్లు దిగుతారు. 2025 మేలో ఓర్లాండోలో తెరుచుకున్న యూనివర్సల్ వారి ఎపిక్ యూనివర్స్‌లో ఫ్రాంకెన్‌స్టైన్, డ్రాక్యులా వంటి రాక్షసజీవుల ఊరు ఒకటి ఉంది. మధ్యలోని ఉద్యానవనం నుంచి ప్రత్యేకమైన ద్వారం గుండానే లోపలికి వెళ్లాలి. దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1995 నుంచి 2003 వరకు నడిచిన గ్రహాంతర జీవి ప్రదర్శన. కుర్చీలకు బిగించి, చీకటి చేసి, ఆ జీవి మెడ వెనక ఊపిరి వదులుతున్నట్టు అనిపింపజేసేవారు. చిన్నపిల్లలతో నిండిన పార్కు మధ్యలో పెట్టడం వల్ల తెలియక లోపలికి వెళ్లి ఏడ్చుకుంటూ వచ్చిన పిల్లల విషయమై ఫిర్యాదులు తప్పలేదు. చివరికి దాన్ని మూసి, అల్లరి చేసే బుల్లి గ్రహాంతరవాసి స్టిచ్‌తో వేరే ప్రదర్శన పెట్టారు. ప్రదర్శన స్వయంగా చెడ్డది కాదు, దాన్ని మెచ్చుకునేవారు ఈనాటికీ ఉన్నారు. అది ఉన్న చోటు తప్పు, కూర్చున్నాక లేచి వెళ్లే వీలు లేకపోవడం అంతకన్నా తప్పు.

కాబట్టి మీ స్థలంలో ఈ విభాగం ఆహారశాలకూ, మరుగుదొడ్లకూ, చిన్నపిల్లల ఊయలలకూ వెళ్లే దారిలో పడకూడదు. ఎవరూ దాన్ని దాటుకుని మరో చోటికి పోవలసిన అవసరం రాకూడదు. ద్వారం దగ్గర లోపల ఏముందో తెలిపే ఒక చిన్న కిటికీ ఉండాలి, రెండు నిమిషాలు నిలబడి చూసి వెనక్కి తిరిగితే ఎవరూ ఎగతాళి చేయకూడదు. లోపల ప్రతి గదికీ పక్కదారి ఉండాలి. మన ఎగ్జిబిషన్ల దెయ్యాల ఇళ్లలో, ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని వచ్చిన తోవనే వెనక్కి తోసుకుంటూ వస్తున్న తల్లులను చాలామందిని చూశాను. ఆ పిల్లకు గుర్తుండేది దెయ్యం కాదు, బయటికి దారి లేకపోవడం.

చెడుకు పట్టం కట్టినట్టవుతుందన్న భాగస్వామిగారి మాటను నేను గౌరవిస్తాను, కానీ పూర్తిగా ఒప్పుకోను. మన సంప్రదాయం ప్రతినాయకుడిని ఎన్నడూ తేలిగ్గా చూడలేదు. రావణుడు శివభక్తుడు, హిరణ్యకశిపుడు శాపం వల్ల పుట్టిన వైకుంఠ ద్వారపాలకుడని భాగవతం చెబుతుంది. 1951లో వచ్చిన పాతాళభైరవిలో ఎస్.వి. రంగారావు గారి నేపాళ మాంత్రికుణ్ణి తెలుగువాళ్లు మూడు తరాలుగా ముచ్చటగా అనుకరిస్తూనే ఉన్నారు, అయినా ఎవరూ తోటరాముడు ఓడిపోవాలని కోరుకోలేదు. ఆ గర్వం, ఆ వేషం, ఆ మాట విరుపు చూసి ఆనందించడం వేరు, క్రూరత్వాన్ని మెచ్చుకోవడం వేరు. హద్దు ఎక్కడో చెప్పమంటే, బాధపడుతున్న మనిషిని చూపించే చోట అని చెబుతాను. బోనులో బందీలు, అరుపులు, నెత్తురు, ఉరితాళ్లు కుటుంబ పార్కులో అక్కర్లేదు. విలన్ సింహాసనం మీద కూర్చుని ఫొటో తీయించుకోవడం సరదాయే. పిల్లవాడి చేతికి కొరడా ఇచ్చి బొమ్మను కొట్టమనడం సరదా కాదు.

ఇంకొకటి కూడా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన బొమ్మల తయారీదార్లకు ఇది చేతి అలవాటుగా మారిపోయింది. విలన్ అనగానే నల్లటి ఒళ్లు, కుంటికాలు, గూని, మెల్లకన్ను పెట్టేస్తారు. నరమాంస భక్షకుడు అనగానే గిరిజనుల ఈకల తలపాగా, పూసల దండలు తొడిగేస్తారు. అరకు, పాడేరు నుంచి పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే కుటుంబాలు కూడా మీ సందర్శకులే. తన తాత వేషంలో రాక్షసుణ్ణి చూసిన పిల్లకు ఆ రోజు మీ పార్కు ఏం మిగులుస్తుందో ఆలోచించండి. రాక్షసుణ్ణి నీలం చేయండి, ఆకుపచ్చ చేయండి, మూడు కళ్లు పెట్టండి, పది చేతులు పెట్టండి. నిజంగా మన మధ్య బతుకుతున్న మనుషుల గుర్తులు మాత్రం అతనికి తగిలించకండి.

పురాణాల జోలికి మాత్రం వెళ్లవద్దని నా సలహా. పండుగ మండపంలో భక్తితో చేసిన సెట్టింగు వేరు, టికెట్టు పెట్టి నడిపే రైడ్ వేరు. నరసింహస్వామి రూపాన్ని చీకటి గదిలో కేకలు పెట్టించడానికి వాడితే ఈ ఊరి మనసు నొచ్చుకుంటుంది, ఆ నొప్పి న్యాయమైనదే. జానపద కథల్లో మీకు కావలసినంత ఉంది. బాలనాగమ్మ కథ మన ఊళ్లలో బుర్రకథగా ఎంతో కాలంగా సాగుతోంది. తల్లిని ఎత్తుకుపోయిన మాంత్రికుడి ప్రాణం అతని ఒంట్లో ఉండదు, ఎక్కడో సముద్రాలకవతల దాచిన చిలుకలో ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకునేది పెద్ద వీరుడు కాదు, ఆమె కన్నకొడుకు బాలవర్ధి, ఒక పిల్లవాడు. ఇంతకన్నా చక్కగా పార్కు కోసం అల్లినట్టున్న కథ నాకు మరొకటి కనపడదు. లోపలికి వచ్చిన ప్రతి కుటుంబానికీ ఒకే పని: చిలుకను వెతకడం. ఒక గదిలో దాని ఈక, ఒక గదిలో దాని కూత, ఒక గదిలో ఖాళీ పంజరం. మాంత్రికుడు దారి తప్పిస్తాడు, కేతిగాడు లాంటి శిష్యుడు నోరు జారి ఆనవాలు చెప్పేస్తాడు. ఆఖరి గదిలో చిలుక బోను తలుపు పిల్లల చేతికందే ఎత్తులో ఉంటుంది. ఆ తలుపు తీసి చిలుకను ఎగరనివ్వగానే మాంత్రికుడి దీపాలన్నీ ఆరిపోయి, ఎదురుగా గోడ తెరుచుకుని సముద్రం కనపడాలి. కథలో చిలుకను చంపుతారు. ఇక్కడ ఎగరనిస్తే చాలు. భీమిలి దారిలో నిజమైన సముద్రమే ఉండగా దాన్ని గోడకు రంగులతో వేయవలసిన పని లేదు.

ఇక జనం దాని కోసమే వస్తారన్న మూడో భాగస్వామిగారి మాట. అందులో కొంత నిజముంది. డిస్నీ సంస్థ 2024 ఆగస్టులో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పూర్తిగా విలన్లకే ఒక విభాగం కడతామని ప్రకటించింది; ఆదరణ లేకపోతే ఆ సంస్థ అంత పని తలపెట్టదు. కానీ అది 1971లో తెరిచిన పార్కు, అక్కడ ఆ కథల నాయకులూ నాయికలూ అర్ధశతాబ్దంగా ఇల్లు కట్టుకుని ఉన్నారు. మీది కొత్త పార్కు, మొదటి రోజు నుంచే విలన్ కోట ఒక్కటే తలెత్తుకుని నిలబడితే ఎదురు నిలిచేవారెవరూ ఉండరు. స్థలంలో పదో వంతుకు మించి దానికి ఇవ్వకండి, మొదటి దశలో అయితే అసలు ఇవ్వకండి.

భద్రత విషయంలో రాజీ వద్దు. 1984 మే 11న అమెరికాలోని న్యూజెర్సీలో ఒక పార్కు దెయ్యాల కోటలో నిప్పంటుకుని ఎనిమిది మంది యువతీయువకులు చనిపోయారు. చీకటి నడవాలు, మెత్తని ఫోమ్, నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేకపోవడం, అంతా కలిసి వచ్చింది. మన దెయ్యాల ఇళ్లు నేటికీ గుడ్డ, థర్మకోల్, ప్లైవుడ్‌తోనే లేస్తున్నాయి. మీ కట్టడంలో నిప్పంటుకోని సరుకే వాడాలి, పొగ పసిగట్టగానే పాట ఆగిపోయి గదులన్నీ ఒకేసారి తెల్లటి వెలుగుతో నిండిపోవాలి, తలుపులు బయటి వైపుకు తెరుచుకోవాలి. స్మోక్ మెషీన్ పెట్టే చోట పొగ సెన్సర్లు తరచూ మోగుతున్నాయని వాటిని పని చేయకుండా కట్టిపడేసే అలవాటు మన దగ్గర ఉంది. అలా చేసే కాంట్రాక్టరుకు పని ఇవ్వకండి.

సముద్రపు గాలి గురించి ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఉప్పుగాలికి మామూలు ఇనుప ఫ్రేములు త్వరగా తుప్పు పడతాయి, దవడ కదపవలసిన రాక్షసుడు నోరు తెరిచి అలాగే ఉండిపోతాడు. కదిలే భాగాలు తక్కువ పెట్టి, ఉన్నవాటిని కట్టడం లోపలే ఉంచి, తుప్పు పట్టని ఉక్కు వాడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్ని ఎలా ఊడ్చేసిందో చూసిన తర్వాత, ఆరుబయట నిలువెత్తు విలన్ విగ్రహం పెడతానంటే నేను ఒప్పుకోలేను.

యంత్రాల మీద ఆదా చేసిన డబ్బును నటుల మీద పెట్టండి. మాంత్రికుడి వేషం కట్టే మనిషి పిల్లవాడి ముఖం చూసి, వాడు నిజంగా బెదిరాడని తెలిసిన క్షణంలోనే మోకాలి మీద కూర్చుని, వాడి చెప్పుల మీది బొమ్మను చూసి తానే భయపడినట్టు నటించగలగాలి. ఏ యంత్రమూ ఆ పని చేయలేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు వీధి భాగవతాలు ఆడే కుటుంబాల్లో ఈ విద్య ఇంకా ఉంది; వాళ్లను ప్రదర్శనకు పిలవడంతో సరిపెట్టకుండా, రూపకల్పన దశలోనే బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

పక్కా కట్టడం మొదలుపెట్టే ముందు సంక్రాంతి సెలవుల్లో మూడు గదులతో ఒక తాత్కాలిక నమూనా వేయండి: గడప, ఒక మలుపు, చిలుక గది. గడప దగ్గర ఒక మనిషిని కాగితంతో నిలబెట్టి, ఏ వయసు పిల్లలు వెనక్కి తిరుగుతున్నారో, మధ్యలో పక్కదారి ఎవరు వాడుకుంటున్నారో, బయటికి వచ్చి మళ్లీ వెళదామని ఎవరు మారాం చేస్తున్నారో రాయించండి. నాలుగేళ్ల వాళ్లు ఎక్కువగా గడప దగ్గరే ఆగిపోతే దాన్ని వైఫల్యంగా చూడకండి, వాళ్ల కోసం గడప ఇవతల శిష్యుడి ఆట ఒకటి పెట్టండి. పక్కదారి మీద రద్దీ ఎక్కువైతే మలుపు గదిలో భయం తగ్గించండి. కోట ఎంత ఎత్తు ఉండాలో ఆ కాగితం చూశాక వాస్తుశిల్పితో మాట్లాడవచ్చు.